బూజు జన్యువులు నిజంగా మూగబోతున్నాయా?

కొన్నేళ్ళ క్రితం నేనొక వ్యాసం అనువదించాను. శిలీంధ్రాలు లైంగిక ప్రత్యుత్పత్తి సమయంలో తమ జన్యువుల్లో కొన్నింటిని ఎలా పనిచేయకుండా చేస్తాయన్నది అందులోని విషయం. మూలంలో ‘సైలెన్సింగ్’ అన్న మాట కనిపించిన ప్రతిచోటా ‘మూగబరచడం’ అని రాసుకుంటూ పోయాను. మాట చక్కగా కుదిరిందని సంబరపడ్డాను కూడా. వ్యాసం అచ్చయ్యాక ఒక డిగ్రీ విద్యార్థిని దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఒకే ఒక్క ప్రశ్న: “అలా మూగబోయిన జన్యువు మళ్ళీ ఎప్పుడు మాట్లాడుతుందండీ?”

జవాబు రాయడానికి కూర్చుని ఆగిపోయాను. నేను అనువదించిన ఒక పేరాకు సరైన జవాబు ‘ఎప్పటికీ మాట్లాడదు’. మరో పేరాకు ‘ఆ ఘట్టం దాటగానే మాట్లాడుతుంది’. రెండింటికీ నేను వాడింది ఒకే మాట. ఆ అమ్మాయి తప్పుగా చదవలేదు. నేనే తప్పు చదివించాను.

ఆ తర్వాత ఈ విషయం మీద సామాన్య పాఠకుల కోసం వచ్చిన రచనలు దొరికినన్ని చదివాను. వాటిలో రెండు అలవాట్లు గట్టిగా పాతుకుపోయి ఉన్నాయి. మొదటిది, వేర్వేరు పనులన్నింటినీ ‘జన్యు మౌనం’ అనే ఒకే పేరుతో పిలవడం. రెండోది, ఈ తతంగాన్నంతా దండయాత్రగా, కాపలాగా, శత్రుసంహారంగా వర్ణించడం. రెండూ చదవడానికి బాగుంటాయి. కాని రెండూ కలిసి అసలు విషయాన్ని కప్పేస్తున్నాయని నా ఫిర్యాదు. ఎలాగో మీరే చూడండి.

ముందు ఆ బూజు సంగతి

కథానాయిక పేరు న్యూరోస్పోరా క్రాసా. నారింజ రంగులో పొడిపొడిగా ఉండే బూజు ఇది. 1843లో పారిస్‌లో రొట్టెలను పాడుచేసి శాస్త్రజ్ఞుల కంటబడింది. దీని లైంగిక బీజాలైన ఆస్కోస్పోర్లు మామూలుగా నిద్రావస్థలో ఉంటాయి. వేడి తగిలితే లేస్తాయి. అందుకే ఈ ప్రజాతి బూజులు నిప్పు పెట్టిన చెరకు తోటల్లో బాగా కనిపిస్తాయి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రమేశ్ మహేశ్వరి, ఆయన సహచరులు వీటి బంధువైన న్యూరోస్పోరా ఇంటర్మీడియా జీవితచరిత్రను చెరకు తోటలోనే పరిశీలించి 1996లో ప్రచురించారు. అంతకు చాలా ముందే, 1941లో బీడిల్, టాటమ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు న్యూరోస్పోరా మీద పనిచేసి, ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క ఎంజైమును శాసిస్తుందని చూపారు. 1958లో వారికి నోబెల్ బహుమతి దక్కింది.

దీని సంసారం కొంచెం విచిత్రంగా ఉంటుంది. ‘ఎ పెద్దక్షరం’, ‘ఎ చిన్నక్షరం’ అని రెండు వర్గాలుంటాయి. ఒక వర్గం కణం మరో వర్గం కణాన్ని కలుసుకున్నాక రెంటి కేంద్రకాలు వెంటనే ఏకం కావు. ఒకే తంతువులో పక్కపక్కనే ఉంటూ, విడివిడిగానే విభజన చెందుతూ పోతాయి. ఆ తర్వాతే ఏకమవుతాయి. ఏకమైన వెంటనే క్షయకరణ విభజన మొదలవుతుంది. చివరికి ఆస్కస్ అనే సన్నని తిత్తిలో ఎనిమిది బీజాలు వరుసగా, చిక్కుడుకాయలో గింజల్లాగా ఏర్పడతాయి.

ఈ రెండు ఘట్టాలనూ గుర్తుంచుకోండి. కేంద్రకాలు పక్కపక్కన ఉన్న కాలం ఒకటి, ఏకమై విభజన చెందే కాలం ఇంకొకటి. మనం మాట్లాడుకోబోయే రెండు ముఖ్యమైన పనులు ఈ రెండు కాలాల్లో విడివిడిగా జరుగుతాయి.

మూడు పనులు, ఒకే పేరు

మొదటి పని పేరు ‘రిప్’. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ సెల్కర్, ఆయన సహచరులు దీన్ని 1987లో వెల్లడించారు. ఒక కేంద్రకంలో ఏదైనా డి.ఎన్.ఎ. ముక్క రెండు ప్రతులుగా ఉంటే, కేంద్రకాలు ఇంకా ఏకం కాకముందే, బూజు ఆ రెండు ప్రతులనూ పట్టుకుంటుంది. పట్టుకుని వాటిలోని ‘సి’ అక్షరాలను ‘టి’ అక్షరాలుగా మార్చడం మొదలుపెడుతుంది. ఒక్క లైంగిక చక్రంలోనే ఆ ప్రతుల్లోని జి–సి జతల్లో 30 శాతం దాకా మారిపోవచ్చు. అంతటి మార్పు తర్వాత ఆ జన్యువు నుంచి పనికొచ్చే ప్రొటీను తయారు కావడం దాదాపు అసాధ్యం. సంతానానికీ ఆ పాడైన ప్రతే అందుతుంది.

ఇది మౌనం కాదు. పుస్తకంలోని వాక్యాలను ఎవరూ చదవకుండా పేజీలు మడిచిపెట్టడం వేరు, అక్షరాలను కొట్టేసి వేరే అక్షరాలు రాయడం వేరు. రిప్ చేసేది రెండో పని. ఆ మార్పు జరిగిన డి.ఎన్.ఎ. మీద తరచుగా మిథైల్ గుర్తులు కూడా పడి, అక్కడ మిగిలిన పని కూడా ఆగిపోతుందన్నది నిజమే. కాని వరుస చూడండి. ముందు ధ్వంసం, ఆ తర్వాతే మౌనం.

పేరు విషయంలో శాస్త్రజ్ఞులే మనకు పాఠం చెప్పారు. 1987లో సెల్కర్ బృందం రిప్‌లోని మూడక్షరాలకు పెట్టిన అర్థం ‘క్షయకరణ విభజనకు ముందు జరిగే పునర్వ్యవస్థీకరణ’. డి.ఎన్.ఎ. ముక్కలు అటూ ఇటూ మారుతున్నాయని మొదట భావించారు. రెండేళ్ళకే అసలు సంగతి ఒక్కొక్క అక్షరం మారిపోవడమని తేలింది. అప్పుడు ఆ మూడక్షరాలనూ అలాగే ఉంచి, వాటి అర్థాన్ని ‘పునరావృతం వల్ల కలిగే బిందు ఉత్పరివర్తనం’ అని మార్చుకున్నారు. ఉత్పరివర్తనం అన్న మాటను వారు పేరులోనే పెట్టారు. మనం అనువాదంలో దాన్ని తీసి పక్కన పెట్టాం.

రెండో పని ఫ్రాన్సులో ఆస్కోబోలస్ అనే మరో శిలీంధ్రంలో బయటపడింది. ఇది పేడ మీద పెరుగుతుంది. ఇక్కడ కూడా క్షయకరణ విభజనకు ముందే రెండు ప్రతులున్న జన్యువులను బూజు పట్టుకుంటుంది. అయితే అక్షరాలను మార్చదు. వాటి మీద మిథైల్ గుర్తులు వేసి పని ఆపుతుంది, అంతే. గుర్తులు పోతే జన్యువు మళ్ళీ పనిచేస్తుంది. దీన్ని నిస్సంకోచంగా మౌనం అనవచ్చు. న్యూరోస్పోరా ఇల్లు కూల్చేస్తే, ఆస్కోబోలస్ తాళం వేసి ఊరుకుంటుంది.

మూడో పని మళ్ళీ న్యూరోస్పోరాలోనిదే. ఇది కేంద్రకాలు ఏకమైన తర్వాతి ఘట్టంలో జరుగుతుంది. క్షయకరణ విభజనలో తల్లి క్రోమోజోము, తండ్రి క్రోమోజోము పక్కపక్కకు వచ్చి జతకడతాయి. ఒకదానిలో ఉన్న ముక్కకు రెండోదానిలో జోడీ లేకపోతే ఏమవుతుంది? 1996లో అరమాయో, మెట్జెన్‌బర్గ్ ఒక ప్రయోగంలో ఏఎస్ఎం–1 అనే జన్యువును ఒక పక్షంలో తీసేసి, మామూలు బూజుతో సంకరం చేశారు. బీజాలు ముదరడానికి ఈ జన్యువు అవసరం. మెండెల్ లెక్క ప్రకారం ఎనిమిది బీజాల్లో నాలుగింటికి మంచి జన్యువు అందుతుంది కాబట్టి నాలుగైనా నల్లగా ముదరాలి. కాని ఎనిమిదీ తెల్లగా, ముదరకుండా ఉండిపోయాయి. మంచి జన్యువు అక్కడే ఉంది, చెక్కుచెదరకుండా ఉంది. ఉండీ పలకలేదు.

దీని వెనుక ఉన్న యంత్రాంగాన్ని 2001లో షియు, రాజు, జిక్లర్, మెట్జెన్‌బర్గ్ వివరించారు. రాజు అంటే నంబూరి బి. రాజు. పేరు వినగానే మన చెవికి దగ్గరగా తోస్తుంది. న్యూరోస్పోరా తిత్తుల్లో ఏ ఘట్టంలో ఏం జరుగుతుందో సూక్ష్మదర్శినిలో ఏళ్ళ తరబడి చూసి నమోదు చేసిన శాస్త్రజ్ఞుడాయన. జోడీ లేని ముక్క కనబడితే బూజు దానికి సంబంధించిన ఆర్.ఎన్.ఎ. ను నాశనం చేసే ఏర్పాటు చేసుకుంటుంది. ఆ ముక్కను పోలిన జన్యువులు జోడీతో ఉన్నా సరే, అవి కూడా ఆ కాసేపూ మూగబోతాయి. డి.ఎన్.ఎ. లో మాత్రం ఒక్క అక్షరం మారదు. ఘట్టం దాటి, బతికిన బీజం మొలకెత్తితే ఆ జన్యువు మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది.

వీటికి తోడు వ్యాసాల్లో ‘క్వెల్లింగ్’ అనే నాలుగోదాన్ని కూడా కలిపేస్తారు. 1992లో రోమ్‌లో రొమానో, మసీనో కనుగొన్నది ఇది. నారింజ రంగుకు కారణమైన జన్యువుకు అదనపు ప్రతులు ఎక్కిస్తే బూజు రంగు పెరగడం పోయి తెల్లబడింది. ఇది ఆర్.ఎన్.ఎ. ద్వారా జరిగే మౌనమే, ఇందాకటి మూడోదానికి నిజంగా దగ్గరి చుట్టమే. కాని ఇది శాకీయ దశలో, అంటే లైంగిక ప్రత్యుత్పత్తితో పనిలేకుండా, జరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకటి శాశ్వత ధ్వంసం. ఒకటి తీయగలిగే తాళం. ఒకటి ఆ ఘట్టం వరకే ఉండే మౌనం. వీటిని ఒకే మాటతో పిలిస్తే ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు దొరకదు.

కాపలావాడి కథ

రెండో అలవాటుకు వద్దాం. జన్యువుల మధ్య గెంతుతూ తిరిగే డి.ఎన్.ఎ. ముక్కలున్నాయి. గెంతిన ప్రతిచోటా తమ ప్రతులు పెంచుకుంటాయి. కాబట్టి ప్రతులను పట్టుకునే రిప్‌ను కాపలావాడుగా వర్ణించడం అందరికీ తేలిక.

ఈ పోలికలో నిజం లేదనను. ‘టాడ్’ అనే గెంతే జన్యువు చురుగ్గా ఉన్న న్యూరోస్పోరా ఐవరీ కోస్ట్‌లోని అడియోపొడూమె నుంచి సేకరించిన స్ట్రెయిన్‌లో 1989లో దొరికింది. ఇతర స్ట్రెయిన్లలో దాని ఆనవాళ్ళు ఉన్నా, అవి రిప్ దెబ్బలు తిన్న శిథిలాలు. 2003లో ‘నేచర్’ పత్రికలో ఈ బూజు జీనోము మొత్తం అచ్చయినప్పుడు కూడా గెంతే జన్యువుల శిథిలాలే కనిపించాయి. కాపలా ఫలించిందనడానికి ఇది మంచి సాక్ష్యమే.

అయినా కాపలావాడి పోలిక ఒక పెద్ద అబద్ధాన్ని వెంటబెట్టుకొస్తుంది. కాపలావాడికి దొంగ ఎవరో, ఇంటివాడెవరో తెలియాలి. రిప్‌కు తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: ‘ఇలాంటివి రెండున్నాయి’. దాదాపు 400 అక్షరాలకు మించిన పొడవు, దాదాపు 80 శాతానికి మించిన పోలిక ఉంటే చాలు, ఆ రెండింటినీ పాడుచేస్తుంది. ఏది అసలు, ఏది నకలు అని చూడదు. ఒక జన్యువుకు మీరు ప్రయోగశాలలో ఒక నకలు చేర్చితే, నకలుతో పాటు అసలుకు కూడా దెబ్బ తగులుతుంది. దొంగతో పాటు ఇంటి యజమానిని కూడా కొట్టేవాణ్ణి కాపలావాడని ఎవరంటారు?

జోడీని వెతికే రెండో యంత్రాంగానిదీ ఇదే తీరు. దానికి తెలిసింది ‘దీనికి ఎదురుగా ఏమీ లేదు’ అన్నదే. ఆ ముక్క బయటినుంచి వచ్చిందా, లేక ఎదుటి పక్షంలో సొంత జన్యువే ఊడిపోయిందా అన్న విచారణ లేదు. ఏఎస్ఎం–1 ప్రయోగంలో మూగబోయింది శత్రువు కాదు, బూజుకు అత్యవసరమైన సొంత జన్యువు. ఇవి శత్రువును గుర్తుపట్టే యంత్రాలు కావు, లెక్క పెట్టే యంత్రాలు. ఒకటి ‘రెండున్నాయా’ అని, మరొకటి ‘జోడీ ఉందా’ అని చూస్తుంది.

లెక్క పెట్టే యంత్రం అని ఒప్పుకుంటేనే దాని ఖరీదు కనిపిస్తుంది. జపాను సంతతికి చెందిన సుసుము ఓనో 1970లోనే చెప్పాడు, కొత్త జన్యువులకు ముఖ్యమైన దారి పాత జన్యువు రెండు ప్రతులు కావడమేనని. ఒక ప్రతి పాత పని చేస్తుంటే రెండోది కొత్త పని నేర్చుకుంటుంది. మన కంటిలో ఎరుపునూ ఆకుపచ్చనూ వేరుచేసి చూపే జన్యువులు అలా వచ్చినవే. న్యూరోస్పోరాలో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. దాని జీనోములో దాదాపు 10,000 జన్యువులున్నా, ఒకదానికొకటి బాగా పోలిన జన్యువుల జంటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. 2004లో గాలగన్, సెల్కర్ దీనిని ‘పరిణామం చెల్లించిన మూల్యం’గా చర్చించారు కూడా. కాపలా కథలో ఈ మూల్యానికి చోటు లేదు. గెలిచిన యుద్ధం గురించి చెప్పేవాడు ఖర్చు సంగతి ఎత్తడు.

హైదరాబాదు నుంచి ఒక సవరణ

ఈ కాపలావాడు ఎల్లవేళలా ఒకేలా పనిచేస్తాడన్న భ్రమను తొలగించిన పనిలో కొంత మన హైదరాబాదులోనే జరిగింది. సి.సి.ఎం.బి. లో దుర్గాదాస్ కస్బేకర్, ఆయన విద్యార్థులు న్యూరోస్పోరా మీద దీర్ఘకాలం పనిచేశారు. ప్రయోగశాలలో తరతరాలుగా పెంచిన స్ట్రెయిన్లతో సరిపెట్టుకోకుండా, ప్రకృతి నుంచి సేకరించిన స్ట్రెయిన్లను సంకరం చేసి చూశారు. వాటిలో కొన్నింటితో సంకరం చేసినప్పుడు రిప్ బాగా తగ్గిపోయిందని 2000లో ప్రచురించారు. మరుసటి ఏడాది భట్, కస్బేకర్ ఇంకో సంగతి చూపారు. సంకరంలో ఒక పక్షానికి క్రోమోజోములోని పెద్ద భాగమే రెండు ప్రతులుగా ఉంటే, చిన్న జన్యువు ప్రతులు రిప్ నుంచి తప్పించుకుంటున్నాయి. పెద్ద ముక్క మీద పని చేయడంలోనే రిప్ సామగ్రి అంతా ఖర్చయిపోయి ఉంటుందన్నది వారి ఊహ.

2011లో అదే ప్రయోగశాల జోడీ లేని డి.ఎన్.ఎ. మౌనాన్ని కూడా పరీక్షించింది. ప్రకృతి నుంచి తెచ్చిన స్ట్రెయిన్లలో అత్యధిక భాగం తొలుత ఏర్పడిన ఫలనాల్లో మౌనాన్ని గట్టిగా చూపాయి, తర్వాత ఏర్పడిన వాటిలో బలహీనంగా చూపాయి. అంటే పాఠ్యపుస్తకాల్లో మనం చదివే చట్టం కొంతవరకు ఎంచుకున్న స్ట్రెయిన్ల చట్టం. బయటి బూజుల్లో అది స్ట్రెయిన్‌ను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఈ పని గురించి తెలుగులో రాసిన వ్యాసాలు నాకు కనిపించలేదు. నేను చదివిన వ్యాసాలన్నీ ఇంగ్లీషు వ్యాసాల కాపలావాణ్ణే తెచ్చుకున్నాయి. పక్క వీధిలో ఆ కాపలావాడు కునుకు తీస్తున్నాడని తేల్చినవాళ్ళను పలకరించలేదు.

ఎవరికి నష్టం?

బూజు గురించిన మాట కాస్త అటూ ఇటూ అయితే ఏం పోయిందని మీరు అడగవచ్చు. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది పొలంలోది. ఆవాలకు దగ్గరి చుట్టమైన కనోలా పంటకు నల్లకాడ తెగులు తెచ్చే శిలీంధ్రం లెప్టోస్ఫీరియా మాకులన్స్. దానిలోని ఏవీఆర్ఎల్ఎం6 అనే జన్యువు తయారుచేసే ప్రొటీనును బట్టే తట్టుకునే రకం మొక్క శత్రువును గుర్తుపడుతుంది. ఆ జన్యువు శిలీంధ్ర జీనోములో శిథిలాలు పేరుకున్న చోట ఉంది. పక్కనున్న శిథిలాల మీద పడే రిప్ దాని మీదికి కూడా ఒలికి, అక్షరాలు మార్చేస్తుంది. ఇక మొక్క దాన్ని గుర్తుపట్టలేదు. ఇక్కడ ‘కాపలావాడు’ ఎవరి పక్షాన ఉన్నట్టు? మన వరికి అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రంలో కూడా రిప్ ఉందని ప్రయోగాలు చూపాయి. దీన్ని బూజు ఆత్మరక్షణ అని చదువుకున్న విద్యార్థి, రేపు తెగుళ్ళ మీద పనిచేసేటప్పుడు ఈ కోణాన్ని ఊహించగలడా?

రెండోది ఆసుపత్రిలోది. 2018లో అమెరికా ఆమోదించిన పాటిసిరాన్ అనే మందు ఒక జన్యువు నుంచి వచ్చే ఆర్.ఎన్.ఎ. ను అడ్డుకుంటుంది. జన్యువును మార్చదు. మందు ఆపితే జన్యువు మళ్ళీ పలుకుతుంది. 2023లో కొడవలి కణ వ్యాధికి ఆమోదం పొందిన క్యాస్‌జెవీ చికిత్స రోగి మూలకణాల డి.ఎన్.ఎ. ను కోసి మారుస్తుంది. ఇది వెనక్కి తీసుకోలేని పని. ఒకటి మౌనం, ఒకటి మార్పు. ఈ తేడా తెలియకుండా రోగి సంతకం పెట్టకూడదు. బూజు పాఠంలోనే రెంటినీ కలిపి రాసే మనం, ఆసుపత్రి కాగితం మీద మాత్రం జాగ్రత్తగా రాస్తామా?

రాసేవారికి, చదివేవారికి

పోలికలు మానేయమని నేను అనను. పోలిక లేకుండా సైన్సును తెలుగులోనే కాదు, ఏ భాషలోనూ చెప్పలేం. ఈ వ్యాసంలోనే నేను ఇల్లు కూల్చాను, తాళం వేశాను. కాని ప్రతి పోలికనూ మూడు ప్రశ్నలు అడగాలి. జరిగిన పని తిరిగి సరిచేయగలిగేదా? ఆ యంత్రాంగానికి నిజంగా తెలిసినదేమిటి? దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మీరు ఈసారి ఎక్కడైనా ‘జన్యువు మౌనం వహించింది’ అని చదివితే ఈ ప్రశ్నలు వేసి చూడండి. వ్యాసంలో జవాబు దొరక్కపోతే రాసినవారికి ఉత్తరం రాయండి.

మాటల విషయంలో నా సూచన ఇది. రిప్‌ను ‘మూగబరచడం’ అనవద్దు, ‘ప్రతులను పాడుచేయడం’ అందాం. ఆస్కోబోలస్ పనిని ‘తాళం వేయడం’ అందాం. జోడీ లేని డి.ఎన్.ఎ. విషయంలో మాత్రమే ‘మూగబరచడం’ అన్న మాట ఉంచుదాం. మూడు పనులకు మూడు మాటలు. వీటికోసం సంస్కృత నిఘంటువు తెరవనక్కరలేదు.

ఇక ఆ ఉత్తరం సంగతి. చివరికి ఆ అమ్మాయికి జవాబు రాశాను, ఆలస్యంగానే. “అమ్మా, నా వ్యాసంలో రెండో పేరాలోని జన్యువు మూగబోలేదు, చచ్చిపోయింది. అది ఇక మాట్లాడదు. నాలుగో పేరాలోనిది బతికే ఉంది, బీజం మొలకెత్తగానే మాట్లాడుతుంది. రెండింటికీ ఒకే మాట రాయడం నా పొరపాటు” అని.